నిమిషం ఆలస్యమైన తాళంచెవి

ఉద్యోగాల నుంచి దిగిపోయినవాళ్లు జ్ఞాపకాలు రాస్తే అందులో సాధారణంగా వాళ్లే వీరులు. ఒకాయన పై అధికారిని ఎదిరిస్తాడు, ఇంకొకాయన లంచం ఇవ్వబోయినవాడిని మెడపట్టి గెంటుతాడు. నేనూ అలాంటిదొకటి రాద్దామని ముప్ఫై ఒక్క ఏళ్ల సర్వీసు తిరగేశాను. నేను ఎదిరించిన అధికారి ఒక్కడూ తగల్లేదు. ఫిజిక్సు లెక్చరరుకి లంచం ఇవ్వాలన్న ఆలోచన కూడా ఎవరికీ వచ్చినట్టు లేదు. అంచేత నేను అడ్డంగా దొరికిపోయిన ఒక రోజు గురించే రాస్తున్నాను. కొత్తగా ఉద్యోగంలో చేరి, కుర్చీ ఇంకా వేడెక్కకుండానే రూల్సు పుస్తకం చేతపట్టుకున్న పిల్లలెవరైనా ఉంటే కాస్త నిదానంగా చదవండి.

రిటైరవడానికి ఆర్నెల్ల ముందు, విజయనగరంలో నేను పనిచేసే కాలేజీలో ఇంటర్ పరీక్షలకి నన్ను చీఫ్ సూపరింటెండెంటుగా వేశారు. పరీక్షలు జరిగినన్నాళ్లూ ఆ ఆవరణకి నేనే రాజు, నేనే మంత్రి. రాజ్యం దొరికితే మనిషి ఎలా మారతాడో చూడాలంటే ఒక లెక్చరరుకి గేటు అప్పగించి చూడండి. మొదటి రోజే పదిహేడు నిబంధనలు నా చేత్తో రాసి నోటీసు బోర్డు మీద అంటించాను. నిమిషం ఆలస్యమైనా లోపలికి రానివ్వకూడదన్నది ప్రభుత్వం పెట్టిన రూలు. అది చాలదన్నట్టు నేను సొంతంగా కొన్ని తగిలించాను. తొమ్మిది దాటాక గేటు ఊచల్లోంచి పెన్ను, పెన్సిలు, మంచినీళ్ల సీసా ఏదీ లోపలికి రాకూడదు, ఎందుకంటే చీటీలు అలాగే వస్తాయట. సిబ్బంది సెల్‌ఫోన్లన్నీ ఎనిమిదింటికల్లా నా బీరువాలో పడాలి. కాలం అందరికీ ఒకేలా నడవదు, చూసేవాడిని బట్టి ఉంటుందని ముప్ఫై ఏళ్లు క్లాసులో చెప్పినవాడిని. గేటు దగ్గరికి వచ్చేసరికి ఆ పాఠం మరిచిపోయాను.

నాకు తోడుగా వేరే కాలేజీ నుంచి ఒక జువాలజీ ఆయన్ని డిపార్టుమెంటల్ ఆఫీసరుగా పంపారు. ప్రశ్నపత్రాల ట్రంకుపెట్టెకి రెండు తాళాలు. ఒకదాని చెవి నా దగ్గర, రెండోది ఆయన దగ్గర. ఇద్దరు పెద్దమనుషులు ఒకరినొకరు నమ్మనక్కర్లేకుండా చేసిన ఏర్పాటు అది. ఆయన భయస్తుడు. ఏ కాగితం ఇచ్చినా "ముందు మీరు పెట్టండి సార్" అనేవాడు. నేను సంతకం పెట్టాక కళ్లజోడు తుడుచుకుని, నా సంతకానికి బాగా ఎడంగా, రేపు ఏదైనా అయితే తాను ఆ చుట్టుపక్కల లేనట్టు కనిపించేలా తనది పెట్టేవాడు.

మూడో మనిషి వాచ్‌మన్. గేటు పక్కన స్టూలు వేసుకుని, హాల్‌టిక్కెట్టు చూసే నెపంతో ప్రతి పిల్లనీ పిల్లాడినీ "ఏటైనా తిన్నావా?" అని అడిగేవాడు. అది పదిహేడు నిబంధనల్లో లేదని ఒకసారి మందలించాను కూడా.

మొదటి రోజు తొమ్మిదీ ఒక నిమిషానికి ఒక అమ్మాయి పరుగెత్తుకుంటూ వచ్చి గేటు ఊచలు పట్టుకుంది. ఆమెది శృంగవరపుకోట రోడ్డులోంచి లోపలికి వెళ్లే ఏదో పల్లె. ఆ ఊరి తొలి బస్సు విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్సుకి వచ్చేసరికే ఎనిమిదీ నలభై అవుతుందట. ఆ రోజు ఇంకా ఆలస్యమైంది.

"సార్, బస్సు లేటయిపోనాది సార్" అంది రొప్పుతూ.

వాచ్‌మన్ చెయ్యి గొలుసు మీదికి వెళ్లింది. "ఒక్క నిమిషవే కద బాబూ" అన్నాడు నావైపు చూసి.

"రేపు నేనే నిమిషం ఆలస్యంగా వచ్చినా తియ్యకూడదు. తెలిసిందా?" అన్నాను.

తరవాత ఆ అమ్మాయికి కాలం విలువ గురించి రెండు నిమిషాలు ఉపన్యాసం ఇచ్చాను. ఆ రెండు నిమిషాల్లో ఆమె తన బల్ల చేరి పేరు రాసుకుని ఉండేది. ఆమె ఏడవలేదు, బతిమాలలేదు, ఊచలు వదిలేసి వెనక్కి తిరిగింది. ఏ పేపరువాడో ఫోటో తీశాడు. మర్నాడు జిల్లా పేజీలో నేను వచ్చాను. ఊచల ఇవతల చేతులు కట్టుకుని నిటారుగా నేను, ఊచల అవతల ఆ పిల్ల వీపు. కత్తిరించి డైరీలో పెట్టుకున్నాను.

మా ఆవిడ ఆ ఫోటో చూసి, "ఈ పిల్ల మరి ఇంటికి ఎలా వెళ్లింది?" అని అడిగింది.

మధ్యాహ్నం దాకా వాళ్ల ఊరికి బస్సు లేదని, అంతసేపూ గోడ నీడలో కూర్చుందని, వాచ్‌మన్ తన ఫ్లాస్కులో టీ సగం పోసి ఇచ్చాడని నాకు తరవాతెప్పుడో తెలిసింది.

ఇక నాలుగో పరీక్ష, లెక్కలు. ఎనిమిదింటికి పోలీస్ స్టేషనుకి వెళ్లి, అక్కడ భద్రంగా ఉంచిన పత్రాల్లోంచి ఆ రోజువి తీసి, ట్రంకులో పెట్టి, రెండు తాళాలూ వేశాం. తాళంచెవి జేబులో ఉంటే జారిపోతుంది, చేతిలో ఉంటే నలుగురి కళ్లూ పడతాయి. అందుకని నేను దాన్ని రోజూ నా అన్నం కేరేజీ సంచిలో వేసేవాడిని. అన్నం సంచిని ఎవరు అనుమానిస్తారు? నా బుర్రకి నేనే ముచ్చటపడేవాడిని.

రోజూ వచ్చే ఆటో ఆ రోజు రాలేదు. రోడ్డు మీద పోతున్నదాన్ని ఒకటి ఆపి ఎక్కాం. కానిస్టేబులు తన బండి మీద వెనకాలే వచ్చాడు. కాలేజీ దగ్గర ట్రంకుని పురిటి బిడ్డని దింపినట్టు నేనే స్వయంగా దింపాను. కేరేజీ సంచి సీటు వెనకాల ఉండిపోయింది. ఆటో వెళ్లిపోయింది.

ఎనిమిదీ నలభైకి ఇన్విజిలేటర్లందరూ నా గదిలో చేరారు. జువాలజీ ఆయన తన తాళం తీసి, "మీది సార్" అన్నాడు. నేను చొక్కా జేబు తడుముకున్నాను. పంట్లాం జేబులు తడుముకున్నాను. అప్పుడు వెలిగింది.

"నా కేరేజీ! నా కేరేజీ ఏదీ?" అని అరిచాను.

పాపం వాళ్లకేం తెలుసు. పరీక్ష వేళకి ఈయనకి ఆకలేమిటని ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. కామర్సు మేడమ్ ఒకావిడ బిస్కెట్ల పొట్లం నా ముందుకి జరిపింది.

తాళం పగలగొడదామంటే జువాలజీ ఆయన ట్రంకు మీద దాదాపు పడుకున్నంత పని చేశాడు. "సీలు కదిలితే పేపరు లీకంటారు సార్. ఇద్దరం పోతాం. పైనుంచి అనుమతి తెప్పించండి" అన్నాడు. నా ఒక్కడికీ అనుమతి ఉన్న బటన్ల ఫోను తీసి పై ఆఫీసుకి చేశాను. "సార్ మీటింగులో ఉన్నారు, లైన్లో ఉండండి" అన్నారు. ఉన్నాను. పెట్టేస్తే మళ్లీ దొరకదని భయం. సిబ్బంది ఫోన్లన్నీ నా బీరువాలో, నా నిబంధన ప్రకారం, సీలు వేసి ఉన్నాయి. కుడితిలో పడ్డ ఎలుక ఎలా ఉంటుందో అంతకు ముందు నాకు తెలియదు.

తొమ్మిదయింది. గదుల్లో పిల్లలు ఖాళీ బల్లల ముందు కూర్చున్నారు. వాచ్‌మన్ గొలుసు బిగించి తాళం వేసిన చప్పుడు నా గదిలోకి వినిపించింది. పేపరు లేకుండా పరీక్ష ఆగిపోతే అంతమంది పిల్లల గతేమిటో, నా ఆర్నెల్ల సర్వీసు గతేమిటో ఆలోచిస్తూ ఫోను చెవికి అంటించుకుని నిలబడ్డాను. ఈ రెండిట్లో ఏది ముందు గుర్తొచ్చిందో చెప్పను.

ఈలోగా ఆటోలో జరిగింది నాకు ఆ మధ్యాహ్నం తెలిసింది. ఇక్కడే చెప్పేస్తాను.

మమ్మల్ని దింపి ఆటో అతను కాంప్లెక్సుకి వెళ్లాడు. అక్కడ ఆకుకూరల గంపతో ఒకావిడ ఎక్కింది, ఆమె పక్కన బస్సు దిగి వచ్చిన ఒక అమ్మాయి కూర్చుంది. అదే అమ్మాయి, మొదటి రోజు ఊచలు పట్టుకున్న పిల్ల. సీటు వెనకాల సంచి ఆమెకే కనిపించింది.

"మావా, ఇదెవలిదో ఒగ్గేసినారు" అంది.

"పోలీస్టేసన్ కాడ ట్రంకుతో ఎక్కినోల్లది, పోలీసోల్లే. ట్రంకు కాలేజీలో దింపేసి ఈపాటికి స్టేసన్‌కి తిరిగెల్లిపోయుంటారు. ముందు నిన్ను కాలేజీ కాడ దింపేసి, తరవాత అట్టికెల్లి ఇచ్చేస్తాను" అన్నాడు ఆటో అతను.

ఆకుకూరల ఆవిడ సంచి పట్టుకుని చూసింది. "అన్నం సంచిరా బాబూ, ఇంకా ఎచ్చగా ఉన్నాది. ఎవలో తినకుండా ఉండిపోతారు" అంది.

ఆటో అతను ఆ పిల్ల వైపు చూశాడు. స్టేషనుకి వెళ్లి రావాలంటే ఎంత లేదన్నా పది నిమిషాలు. ఆమె దగ్గర సరిగ్గా ఆ పది నిమిషాలే ఉన్నాయి. "పద మావా, టైముంది. బేగి ఇచ్చేసి ఎల్లిపోదుం" అంది. తాళంచెవి సంగతి అప్పటికి ఆ ముగ్గురిలో ఎవరికీ తెలియదు. ఎవరో ముక్కూ మొహం ఎరగని మనిషి మధ్యాహ్నం పస్తుంటాడని తిరిగారు.

స్టేషనులో రాతకోతలు చూసే రైటరు సంచి తెరిచి, గిన్నెల పక్కన పరీక్షా కేంద్రం నంబరు బిళ్లతో ఉన్న తాళంచెవి చూసి నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడట. నాకు ఫోను చేశాడు. నేను లైన్లో ఉన్నాను కదా, తగల్లేదు. ఎలాగూ ఆ కాలేజీకే పోతున్నారని సంచి వాళ్ల చేతికే ఇచ్చి పంపాడు. ఆ సంచి ఎవరిదో, ఆ తాళం ఏమిటో విన్నాక ఆ అమ్మాయి ముఖం మారిందట. అది చూసి ఆటో అతను కనుక్కున్నాడు.

"ఆ మేస్టారిదేనా? అయితే ఒక నిమిషం ఆగి ఎల్దుమా?" అన్నాడట.

"వొద్దు మావా. లెక్కలన్నీ బుర్రలో పెట్టుకుని కూకున్నాను. ఇంకాసేపయితే ఒలికిపోతాయి" అందట ఆమె.

గంటస్తంభం దగ్గర ట్రాఫిక్కు ఆగిపోయింది. ఆకుకూరల ఆవిడ దిగి, చేతులు చాచి ఒక ఇసుక ట్రాక్టరుకి అడ్డం నిలబడిందట. ట్రాక్టరువాడు తిట్టాడు, ఆవిడ అంతకన్నా బాగా తిట్టింది, ఆటో దాటింది.

గేటు దగ్గరికి వచ్చేసరికి తొమ్మిదీ ఒకటి.

గొడవ విని నేను ఫోను చెవిన పెట్టుకునే పరుగెత్తాను. నా వెనక జువాలజీ ఆయన. అక్కడ కనిపించింది ఇదీ. ఊచల అవతల ఆటో అతను, గంప నెత్తిన పెట్టుకున్న ఒకావిడ, ఒక చేత్తో హాల్‌టిక్కెట్టూ రెండో చేత్తో నా కేరేజీ సంచీ పట్టుకున్న ఆ పిల్ల. ఊచల ఇవతల చేతులు కట్టుకుని నిటారుగా మా వాచ్‌మన్. పేపర్లో నా ఫోటో ఎలా ఉందో అచ్చం అలా.

"తియ్యరా బాబూ, తాళం తెచ్చినాం" అంటున్నాడు ఆటో అతను.

"తొమ్మిదీ ఒకటి అయిపోనాది. తియ్యకూడదు."

"పోనీ ఊసల్లోంచి అందుకో."

"ఊసల్లోంచి ఏదీ తీసుకోకూడదు. మా బాబు ఆడరు. తానొచ్చినా తియ్యొద్దన్నాడు."

"ఇదేటి సోద్యవమ్మా!" అంది గంప ఆవిడ.

వాచ్‌మన్ అమాయకంగానే చేశాడో, మొదటి రోజు కసి తీర్చుకున్నాడో ఇప్పటికీ నాకు తెలియదు. తరవాత అడిగితే "మీరు సెప్పినట్టే సేసినాను బాబూ" అన్నాడు. అందులో వంక పెట్టడానికేముంది?

నేను ఊచల్లోంచి చెయ్యి పెట్టి సంచి అందుకున్నాను. నా సొంత నిబంధన నేనే తుంగలో తొక్కిన మొదటి క్షణం అది. తాళంచెవి చేతికి తగలగానే ప్రాణం లేచొచ్చింది. వెనక్కి తిరిగి నాలుగడుగులు పరుగెత్తాను కూడా. సిగ్గుపడుతూ రాస్తున్నాను, ఆ నాలుగడుగులూ నాకు ఆ పిల్ల గుర్తు లేదు.

"బాబూ" అని గంప ఆవిడ పిలిచింది. అరవలేదు, మామూలుగానే పిలిచింది. "తాళం నోపలికి ఎల్లిపోవచ్చు గానీ, తెచ్చిన ఆడగుంట ఎల్లకూడదేటి?"

ఆగిపోయాను. జువాలజీ ఆయన నా చెవి దగ్గర, "సార్, నిమిషం దాటింది. రూలు" అని గొణిగాడు. ఆ పిల్ల మొదటి రోజులాగే ఊచలు వదిలేసి వెనక్కి తిరగబోతోంది. అడిగితే నేనేమంటానో ఆమెకి తెలుసు. నా జీవితంలో నన్ను అంత బాగా అర్థం చేసుకున్న విద్యార్థి ఇంకొకరు లేరు.

"పేపరే ఇంకా పెట్టెలోంచి బయటికి రాలేదు. పరీక్ష మొదలే కాకపోతే ఎవరైనా ఆలస్యం ఎలా అవుతారండీ?" అన్నాను జువాలజీ ఆయనతో. ముప్ఫై ఏళ్లు చెప్పిన పాఠం అప్పటికి గుర్తొచ్చింది. వాచ్‌మన్ నా మాట పూర్తయ్యేదాకా ఆగలేదు, గొలుసు అప్పటికే కింద పడింది. పిల్ల నా పక్కనుంచి బాణంలా దూసుకుపోయింది. ఫోనులో ఎవరో "హలో, సార్ ఇంకా మీటింగులోనే ఉన్నారు" అన్నారు. పెట్టేశాను.

పరీక్ష తొమ్మిదీ పద్నాలుగుకి మొదలైంది. పోయిన నిమిషాలు చివర్లో కలిపి ఇచ్చాం. జరిగింది జరిగినట్టు రిపోర్టు రాశాను. తాళం మరిచిపోయింది నేను, గేటు తీయించింది నేను. జువాలజీ ఆయన అంతా చదివి కళ్లజోడు తుడుచుకున్నాడు. "ముందు మీరు" అంటాడని కాగితం మీద చోటు వదిలాను. ఆయన పెన్ను తీసి, నేను పెట్టకముందే, ఆ చోటుని ఆనుకుని సంతకం పెట్టేశాడు. ఆ సంతకం ఎంత గొప్పదో ప్రభుత్వ ఉద్యోగం చేసినవాళ్లకే తెలుస్తుంది.

పదిన్నరకి తనిఖీ బృందం వచ్చింది. మరుగుదొడ్లు చూశారు, నా పదిహేడు నిబంధనలు నిలబడి చదివారు, "ఈ కేంద్రంలో క్రమశిక్షణ ఆదర్శప్రాయం" అని పుస్తకంలో రాసి వెళ్లారు. నేను రాసిన రిపోర్టు మీద నాకు హెచ్చరిక మెమో ఇంకో నెలకి వచ్చింది. ఆ రెండు కాగితాలూ నా సర్వీసు రికార్డులో పక్కపక్కనే ఉన్నాయి.

పరీక్ష అయ్యాక ఆ పిల్ల వరండా చివర కూర్చుంది, బస్సుకి ఇంకా వేళ ఉంది. పొద్దున్న ఏమైనా తిన్నావా అని అడిగాను. వాచ్‌మన్ రోజూ అడిగే మాట, నేను అడగడం అదే మొదలు. లేదంది. పొద్దుటినుంచి ఎవరి అన్నాన్నో ఒళ్లో పెట్టుకుని ఊరంతా తిరిగింది, తాను ఖాళీ కడుపుతో. కేరేజీ విప్పి ఆమె ముందు పెట్టాను. మా ఆవిడ పులిహోర పెట్టింది ఆ రోజు.

"మొదటి రోజు నిన్ను రానివ్వాల్సింది. తప్పు చేశాను" అన్నాను. ముప్ఫై ఒక్క ఏళ్లలో ఒక విద్యార్థికి ఆ మాట చెప్పడం కూడా అదే మొదలు.

ఆమె ముద్ద మింగి, "ఫర్వానేదు సార్, సప్లిమెంటరీ రాసుకుంతాను" అంది. ఇంకో ముద్ద నోట్లో పెట్టుకుని, "ఉప్పు తగ్గింది సార్" అంది.

"మిగిలిన పరీక్షలకి ఎలా వస్తావు? మళ్లీ ఆ బస్సుకేనా?"

"నేదు సార్. ఆకుకూరల పెద్దమ్మ తనింట్లో ఉండిపోమన్నాది. ఆటోలోనే అనుకున్నాం. మా అమ్మకి ఫోన్ చేసి సెప్పేసినాది కూడా. పొద్దున్న మావ తీసుకొచ్చి దింపేస్తానన్నాడు."

ఆ ఆవిడది ఒక గది ఇల్లు, అందులో నలుగురు మనుషులని తరవాత తెలిసింది. కాలేజీకి రెండు వీధుల అవతల మా ఇంట్లో ఒక గదికి గదే ఖాళీ. అందులో పాత ప్రశ్నపత్రాలు, సన్మానాల్లో భుజాన కప్పిన శాలువలు ఉన్నాయి. ఆ పిల్ల ఊరు ఏది, బస్సు ఎప్పుడు అన్నది మొదటి రోజే విన్నవాడిని నేను. విని ఉపన్యాసం ఇచ్చాను. పది నిమిషాల ఆటో ప్రయాణంలో వాళ్లు తేల్చేసిన సంగతి అది.

సప్లిమెంటరీకి మా ఇంట్లో ఉండమని నేనూ మా ఆవిడా అడిగాం. "వొద్దు సార్, పెద్దమ్మింట్లో అలవాటైపోనాది. మీ ఇంట్లో అయితే గోడ గడియారం సూసి బయ్యమేస్తాది" అని మొహమాటం లేకుండా చెప్పేసింది.

ఆ పరీక్ష రోజు నా డ్యూటీ కాకపోయినా పొద్దున్నే వెళ్లి, వాచ్‌మన్ పక్కన ఇంకో స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఎనిమిదీ పదికే ఆటో వచ్చి ఆగింది. పిల్ల దిగి, వాచ్‌మన్ అడగకముందే "తిన్నాను తాతా" అంది. తరవాత నా చేతిలో తడిగుడ్డలో చుట్టిన తోటకూర కట్ట పెట్టింది.

"పెద్దమ్మ అమ్మగారికి ఇచ్చీమన్నాది సార్. ఇక్కడే పట్టుకుని కూకోకుండా బేగి ఇంటికి పంపీమంది. ఎండెక్కితే ఒక్క నిమిషం కూడా ఆగదంట."

నేను లేచి ఇంటికి బయల్దేరాను.